బిక్షమ్మ విన్న ప్లేటు

దినాలు అయిపోయిన మర్నాడు దశరథ మిషన్ దవాఖానకు పోయాడు, భార్య బిక్షమ్మ సామాను తెచ్చుకోవడానికి.

కట్టంగూర్ దాటి బస్సు దిగితే రోడ్డు పక్కన రెండు పెంకుల షెడ్లు. ఒకటి మగవాళ్లది, ఒకటి ఆడవాళ్లది. ఆడవాళ్ల షెడ్డు ముందు ఆయా తాహేరా ఉడికించిన గుడ్డలు దండెం మీద ఆరేస్తోంది. దశరథను చూడగానే గుర్తుపట్టింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయి మూట తెచ్చింది. ఇత్తడి చెంబు, కొయ్య దువ్వెన, రెండు చీరలు.

"చీరెలొద్దమ్మా. మా వదినె తేవద్దన్నది. సచ్చిపోయినామె బట్ట గడప దాటొద్దట. ఎవలకన్న ఇయ్యుండ్రి. చెంబు సాలు."

"మాదిక్కు గూడ గట్లనే అన్నా. ఫకీరుకు ఇస్తం," అని తాహేరా చీరలు మడిచి పక్కకు పెట్టింది.

అవి బజారులో కొన్న చీరలు. దశరథ నేసిన చీర బిక్షమ్మ ఒంటి మీద ఒక్కటి కూడా లేదు. అవి మగ్గం దిగగానే చేనేత సంఘం బండి ఎక్కి పోయేవి.

ఇరవై రెండు రోజులు బిక్షమ్మ ఈ షెడ్డులో ఉంది. ఆ ఇరవై రెండు రోజుల్లో దశరథ రెండుసార్లు వచ్చాడు. దించడానికి ఒకసారి, తీసుకుపోవడానికి ఒకసారి. రెండోసారి వచ్చేసరికి దుప్పటి ముఖం మీది దాకా కప్పి ఉంది. దగ్గు మొదలైన కొత్తలో "ఈ పడుగు అయిపోనియ్యి, దవాఖానకు పోదాం" అన్నాడు. ఆ పడుగు అయిపోయింది. ఇంకో పడుగు మగ్గం ఎక్కింది. అప్పుడూ అదే మాట అన్నాడు. మూడో పడుగు సగంలో ఉండగా ఆమె రాట్నం ముందు ఒరిగింది. ఇప్పుడా పడుగు అట్లాగే మగ్గం మీద ఉంది.

చెంబు చేతికి వచ్చింది. ఇంక పోవచ్చు. దశరథ పోలేదు. చెంబు మూతిని బొటనవేలితో రుద్దుతూ నిలబడ్డాడు. దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాట అడిగాడు.

"ఆఖరికి ఏమన్న అన్నదా?"

తాహేరా ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఏమనలే అన్నా. మాట తక్కువ గద ఆమెది. పాట మాత్రం మంచిగ వినేది."

"పాటనా? ఎవల పాట?"

"డాక్టరమ్మ పెట్టెల పాట. తెల్లోళ్లది. రోజు పాలు పంచినంక, దీపం ముట్టియ్యక ముందుగల, డాక్టరమ్మ గీ వరండల పెట్టేది. మీ బిక్షమ్మక్కకు అండ్ల ఒక ప్లేటంటే పానం. మల్లొక్కసారి పెట్టుమని ఏలు చూపెట్టేది. ఒక్కటే ఏలు, గిట్ల." తాహేరా చూపుడువేలు ఎత్తి చూపింది. "పోయిన నాడు గూడ అడిగింది. అది ఇనుకుంటనే కన్ను మూసింది. ఎప్పుడు మూసిందో ఎవలకు ఎరుకలే."

దశరథ చెంబును చంకలో పెట్టుకున్నాడు. తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి. ఆమెకు పాటంటే ఇష్టమని ఒక పరాయి ఆయా చెబుతుంటే నిలబడి వింటున్నాడు.

"ఏ ప్లేటది?"

"నాకెరుకలే. పాట పెట్టే యాళ్లకు నేను వంటసాల్ల ఉంట. నాకన్నీ ఒక్కతీరే ఇనొస్తయి, పీర్ల కాడ కొమ్ము ఊదినట్టు. డాక్టరమ్మకు తెలుసు గనీ ఎండలు తగ్గేదాక చల్లకొండలకు పోయింది. యాదమ్మకు తెలుసు. ఆమెది పక్క మంచం. ఇప్పుడు ఇంటికాడనే ఉంటాంది, శుక్రారం శుక్రారం సూదికొస్తది. జర శుక్రారం రా అన్నా, అడుగుదువు."

ఆ రోజు సోమవారం.

"ఎన్ని ప్లేట్లున్నయి?"

"మూడు. రోజుకొక్కటే పెట్టుమని చెప్పిపోయింది. ముల్లు అరుగుతదట."

"శుక్రారం దాక ఎందుకు? పెట్టమ్మా. నేనే పట్టుకుంట."

తాహేరా అనుమానంగా చూసింది. "ఎట్ల పట్టుకుంటవ్? నువ్వెప్పుడన్న ఇన్నవా ఏంది?"

"పాట ఎరుకలే. ఆమె ఎరుకే గద," అన్నాడు దశరథ.

పాలు పంచేదాకా వరండా మెట్టు మీద కూర్చున్నాడు. తరువాత తాహేరా బీరువా తాళం తీసి గ్రామఫోను పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత ఎత్తి, పక్కన పిడి దూర్చి, పదిహేను చుట్లు తిప్పింది. ప్లేట్లు ఒక అట్ట పుస్తకంలో ఉన్నాయి. అట్ట మీద ఒక బొమ్మ ఉంది. దశరథ ఆ బొమ్మను రెండు చేతులతో పట్టుకుని వెలుతురుకు తిప్పాడు.

ఒక మనిషి బల్ల మీద కూర్చున్నాడు. వీపు మనవైపు ఉంది. చేతులు ముందుకు చాచి ఉన్నాయి. కాళ్ల కింద వరసగా కొయ్య చెక్కలు. ఒక కాలు ఒక చెక్కను తొక్కుతోంది, ఇంకో కాలు పక్కకు పోతోంది. తల ముందర, మీదికి, సన్నవీ లావువీ గొట్టాలు వరసలు వరసలుగా నిలబడ్డాయి, పడుగును నిట్టనిలువుగా పట్టినట్టు.

"గిది మగ్గమమ్మా," అన్నాడు.

తాహేరా నవ్వింది. "అల్లా కసం, బిక్షమ్మక్క గూడ గిదే మాటన్నది! 'మా ఆయన గిట్లనే కూసుంటడు, ఈపు ఇటు పెట్టి' అన్నది. కాదన్నా. గాలితోటి మోగే పెట్టెనట. వాళ్ల దేశంల గుడి గోడంత ఉంటదట. చేతులతోటి, కాళ్లతోటి గూడ వాయిస్తరట. రెండు నూర్ల ఏండ్ల కిందటి పాటలని చెప్పింది డాక్టరమ్మ."

ముల్లు ఆనగానే బరబర చప్పుడైంది. ఆ వెనక ఒక్కసారిగా వచ్చి పడింది. మృగశిర నాడు గాలి లేచి పెంకులన్నీ ఒకేసారి కదిలినట్టు. దశరథ ఉలిక్కిపడి బల్లకు దూరంగా జరిగాడు. లోపల ఎవరో ముసలమ్మ దగ్గింది. పాట గోడలెక్కింది, దిగింది, ఆగింది, మళ్లీ విరుచుకుపడింది. ప్లేటు తిరగేసి పెడితే రెండో పక్క వేరే. ఒక సన్నటి గొంతు ఒంటరిగా బయలుదేరింది. అది కొంత దూరం పోగానే వెనకనుంచి ఇంకోటి అదే దారిన వచ్చింది. దాని వెనక మూడోది. ఒక పోగు వెంట ఒక పోగు, ఏదీ ఇంకోదానికి చిక్కుపడకుండా. ఆఖరున అన్నిటి కింద నుంచి నాలుగోది మొదలైంది, లావుగా, తొక్కుతున్నట్టు.

"ఇగో కాళ్లు," అన్నాడు దశరథ.

"ఏది?"

"కింద నడుస్తాంది సూడు. గది కాళ్లతోటి. చేతులతోటి గంత బరువు రాదు."

తాహేరా చెవి పెట్టింది. ఆమెకు ఏమీ తెలియలేదు. "ఇదేనా మరి?"

దశరథ కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. "కాదు. ఉరుకులాట ఎక్కువున్నది. రేపొస్త."

*

మంగళవారం వచ్చాడు.

పొద్దున అన్న సీతారాములు మగ్గం దగ్గర నిలబడి, "ఎక్కుతవా ఎక్కవా? పడుగు మీద దుమ్ము వడుతాంది," అన్నాడు. దశరథ తలగుడ్డ చుట్టుకున్నాడు. ఏడికి పోతున్నావంటే దవాఖానకన్నాడు. చెంబు తెచ్చినవు గదరా, ఇంకేమున్నదన్నాడు అన్న. ఉన్నదన్నాడు.

ఉన్నదేమిటో అతనికి తెలుసు. బిక్షమ్మ దగ్గర మిగిలింది అదొక్కటే. ఆ ఇరవై రెండు రోజులు అతనివి కావు. అందులో ఆమె ఏం తిన్నదో, ఎటు తిరిగి పడుకున్నదో, దగ్గు వచ్చినప్పుడు ఎవరు వీపు నిమిరారో అతనికి తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ఆ చివరి సాయంత్రం ఆమె చెవిలో పడింది మాత్రం బీరువాలో ఉంది. దాన్ని పట్టుకుంటే ఆ సాయంత్రం తానూ ఆమె మంచం దగ్గర ఉన్నట్టు.

పట్టుకోగలనని అతనికి అనుమానం లేదు. ముప్పై ఏళ్లు అతను మగ్గం గుంటలో కాళ్లు పెట్టి ముందుకు చూస్తూ నేశాడు. ఆమె వెనక కూర్చుని కండెలు చుట్టింది. రాట్నం తిరిగే చప్పుడును బట్టే అతని కాలు పడేది. పోగు తెగితే తెలిసేది. తెగిన పోగు పెదవులతో తడిపి ముడేస్తే తెలిసేది. కండె నిండితే తెలిసేది. తల తిప్పి చూడాల్సిన పని ఏనాడూ పడలేదు. బిక్షమ్మ చెయ్యి ఏ వేగంలో తిరుగుతుందో నిద్రలో అడిగినా చెబుతాడు. మనసైన పాటంటే ఆ చేతికి తగ్గ పాటే అయి ఉంటుంది. మంచంలో పడుకున్నా ఆ చెయ్యి మరవదు. ఎట్లా మరుస్తుంది?

తాహేరా రెండో ప్లేటు పెట్టింది.

ఇది మెల్లగా మొదలైంది. ఒక స్వరం వచ్చి నిలబడింది. ఇంక కదలదేమో అనుకునేంతసేపు నిలబడి, పక్కకు ఒక్క అడుగు వేసింది. మళ్లీ నిలబడింది. దశరథ కుడిచెయ్యి మోకాలి మీద పెట్టి పిడి తిప్పినట్టు తిప్పి చూశాడు. సగం చుట్టులో చెయ్యి ఆగిపోయింది. ఎక్కడ తిప్పాలో తెలియలేదు. కాలితో తొక్కి చూశాడు. తొక్కిన చోట ఏమీ లేదు. చెయ్యి పట్టుకోవడానికి ఒక్క దెబ్బ లేదు ఇందులో.

నడుమనే లేచాడు.

"అయిపోలేదన్నా. రెండో పక్క గూడ గిట్లనే సాగుతది," అంది తాహేరా.

"గిది కాదమ్మా. దీని మీద ఒక్క కండె నిండదు. పొద్దు నిండుతది."

ఆ మాటకు తనకే నవ్వొచ్చింది. భార్య పోయాక మొదటిసారి. వరండా దిగి రోడ్డు మీదికి వచ్చాడు. పాట వెనక ఇంకా సాగుతూనే ఉంది. కట్టంగూర్ బస్సు హారన్లో అది మునిగిపోయింది.

*

బుధవారం మూడో ప్లేటు మొదటి పక్క సగం కాకముందే దశరథ మోకాలి మీద చెయ్యి తిరగడం మొదలుపెట్టింది. అతను తిప్పలేదు. అదే తిరిగింది.

మూడు గొంతులు. మీద ఒకటి, నడుమ ఒకటి, ఒకదానికొకటి పోగు అందించుకుంటున్నాయి. కింద కాళ్లు ఒక్క తీరుగా పోతున్నాయి, తొందర లేదు, ఆలస్యం లేదు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. మధ్యలో మీది గొంతు చిన్నగా ఆగింది, పోగు తెగి ముడేసుకున్నంతసేపు. మళ్లీ అందుకుంది. దశరథకు వీపు వెనక ఎవరో కూర్చున్నట్టయింది. తిరిగి చూడలేదు. తిరిగి చూస్తే గోడ ఉంటుందని తెలుసు.

"ఇదే," అన్నాడు.

"పక్కానా?"

"ఇదే అమ్మా. మా రాట్నం ఇది. ఆమె చెయ్యి ఇది."

తాహేరా అతని మోకాలి మీది చేతిని చూసింది. ఆమె కళ్లు తడి అయ్యాయి. రోజుకొక్కటే అన్న మాట పక్కకు పెట్టి, అడగకుండానే పిడి తిప్పి ఆ పక్కనే మళ్లీ పెట్టింది. ఆ తరువాత ఇంకోసారి. లోపలి నుంచి ఒక రోగి, "తాహేరమ్మా, ప్లేటు ఏడ్చే పోరనోలె రాగం తీస్తాంది, ఇంక పండవెట్టు దాన్ని," అని కేకేసింది. ఇద్దరూ నవ్వారు.

"మంచంల గూడ నా కండెలే సుట్టింది," అన్నాడు దశరథ పోతూ పోతూ. ఆ మాట చెప్పినప్పుడు అతని గొంతులో దుఃఖం ఉంది. దుఃఖం కింద ఇంకోటి కూడా ఉంది. గర్వం.

*

గురువారం పొద్దు పొడవక ముందే మగ్గం దులిపాడు. పడుగు మీద దుమ్మును మెత్తటి గుడ్డతో, పోగు కదలకుండా తుడిచాడు. తెగిన పోగులు పదకొండు. కూర్చుని అన్నీ ముడేశాడు. పోగులకు పెట్టిన గంజి బిక్షమ్మ కాచింది. పలచగా కాచేది, వేలికి అంటీ అంటనట్టు. ఆ గంజి వాసన ఇంకా ఉంది.

"వదినే, జర నాలుగు కండెలు సుట్టియ్యి," అని గోడ అవతలికి పిలిచాడు.

సత్తమ్మ వచ్చింది. బిక్షమ్మ కూర్చున్న చోటే గోనెసంచి పరుచుకుని రాట్నం ముందుకు లాక్కుంది. దశరథ గుంటలో కాళ్లు పెట్టాడు. పేక పోగు మోసే నాడె విసిరాడు. నాలుగు పోగులు పడ్డాయో లేదో కాలు తడబడింది.

"గట్ల కాదు వదినే. గంత ఉరుకు ఉరుకొద్దు. కుడి చెయ్యి ఒక్క తీరుగ తిప్పు. ఇగో ఇను." నోటితో ఆ పాట అన్నాడు. వంకర టింకరగా, గొంతు రాక, కానీ వేగం తప్పకుండా. చేత్తో గాలిలో చుట్టు చూపించాడు.

సత్తమ్మ నోరు తెరిచింది. "ఇదేం పాట మరిదీ? ఒగ్గు కథోళ్లది గాదు, భజనోళ్లది గాదు."

దశరథ చెప్పాడు. మూడు రోజులు ఎక్కడికి పోయాడో, ఏం విన్నాడో, ఏది పట్టుకున్నాడో అంతా చెప్పాడు. ఇంతసేపు అతను మాట్లాడటం సత్తమ్మ చూడలేదు. అట్ట మీద బొమ్మ ఉన్నదని చెప్పాడు. మన తీరుగనే కూసుంటడు వదినే, మన తీరుగనే తొక్కుతడన్నాడు. మంచంల పండుకొని గూడ నా పనే యాది చేసుకున్నదన్నాడు.

సత్తమ్మ కండె తీసి కొత్తది పెట్టింది.

"చెల్లె ఉన్నన్నాళ్లు 'ఇంకెంతసేపే' అనుడు తప్ప నీ నోట్లె ఇంకో మాట నేనినలే. ఇప్పుడు పాటలు గూడ పాడుతున్నవ్," అంది. తిట్టినట్టు అనలేదు. ఉన్నదే చెప్పింది. పోగు పట్టుకుని చెయ్యి కొంచెం మెల్లగా తిప్పసాగింది. "గిట్లనా?"

"ఆఁ, గట్లనే."

ఆ రోజు పొద్దుగూకేసరికి మూరన్నర నేశాడు. చాలా రోజులకు అన్నం రుచిగా తిన్నాడు.

*

శుక్రవారం పోవాల్సిన అవసరం లేదు. తెలియాల్సింది తెలిసింది. అయినా పోయాడు. ఆమె వినేటప్పుడు ముఖం ఎట్లా ఉండేదో పక్క మంచం మనిషి చూసి ఉంటుంది. అది అడుగుదామని పోయాడు. వట్టి చేతులతో పోకుండా ఒక కొత్త తువ్వాలు చంకలో పెట్టుకున్నాడు.

యాదమ్మ వరండా బల్ల మీద కూర్చుని సూది వేయించుకున్న చోట దూది అదుముకుంటోంది. ఎముకల గూడు. కళ్లు మాత్రం చురుకు.

"అవ్వా, బాగున్నవా?"

"బాగుంటే సూదికెందుకొస్త? ఎవలు నువ్వు?"

"బిక్షమ్మ ఇంటాయన."

యాదమ్మ అతన్ని తలగుడ్డ నుంచి కాళ్ల దాకా చూసింది. "ఓహో. ఉన్నవా నువ్వు? లేవనుకున్న. ముండమోసిన మనిషి బొట్టెందుకు పెట్టుకుంటాంది అనుకునేదాన్ని."

దశరథ తల వంచుకున్నాడు. తువ్వాలు ఆమె పక్కన పెట్టాడు. ఆమె తీసుకోలేదు, తొయ్యలేదు.

"ఆమె ఇనే పాట నేను పట్టుకున్న అవ్వా," అన్నాడు. "తాహేరమ్మా, జర పెట్టుమ్మా. అవ్వ ఇంటది."

అప్పటికింకా ఎండ దిగలేదు. పాట పెట్టే వేళ కాదు. అయినా తాహేరా పెట్టె తెచ్చింది. ఆమెకూ యాదమ్మ నోట వినాలని ఉంది. మూడో ప్లేటు పెట్టింది. మూడు గొంతులు పోగు అందించుకోవడం మొదలుపెట్టాయి. దశరథ చెయ్యి మోకాలి మీద తిరిగింది. తిరుగుతున్న చేతిని యాదమ్మకు కనబడేట్టు కొంచెం ముందుకు పెట్టాడు.

యాదమ్మ చెవి వెనక అరచెయ్యి పెట్టి విన్నది.

"గిదా?"

"ఆఁ, గిదే గద!"

"గిది మొదలువెట్టంగనే చెవులల్ల కొంగు కుక్కుకునేది. 'డాక్టరమ్మా, గది తియ్యుండ్రి, మా ఇంట్ల కూసున్నట్టున్నది' అనేది. గా డాక్టరమ్మకు మన మాట సగమే తెలుస్తది. పాపం, నవ్వి తీసేసేది."

దశరథ చెయ్యి ఇంకా రెండు చుట్లు తిరిగింది. తరువాత ఆగింది.

తాహేరా ముల్లు ఎత్తబోయింది. వద్దన్నట్టు దశరథ వేలు కదిలించాడు. ఆ పక్క అయిపోయేదాకా ముగ్గురూ కూర్చున్నారు. పాటలో కాళ్లు కుడి ఎడమలుగా పోతూనే ఉన్నాయి.

"అయితే ఏది?" అన్నాడు చివరికి.

"నాకు పేర్లెరుకనా? మెల్లగుంటది. ముసలోళ్లు మెట్లెక్కినట్టు."

తాహేరా అతని వైపు చూడకుండా చెప్పింది. "మంగళారం నువ్వు నడుమనే లేసిపోయినవు గద అన్నా. గది."

అడగకుండానే పెట్టింది.

ఒక స్వరం వచ్చి నిలబడింది. కదలదేమో అనుకునేంతసేపు నిలబడి, పక్కకు ఒక్క అడుగు వేసింది. యాదమ్మ తల ఊపింది. దూది పారేసి, రెండు చేతులూ పొట్ట మీద వెల్లకిలా పెట్టుకుంది.

"గిట్ల వెట్టుకునేది. ఒకనాడు నన్ను పిలిచి 'అవ్వా, నా చేతులు సూడు' అన్నది. ఏమైందే, నొస్తున్నయా అన్న. 'లేదు. ఊకున్నయి' అన్నది. అని నవ్వింది. దీనికి జరమెక్కి మతి పోయింది అనుకున్న. గా నవ్వు మాత్రం మంచిగుండె. చిన్నపిల్లోలె."

"ఇంటికి పోతనన్నదా ఎప్పుడన్న?"

యాదమ్మ కనికరం చూపే మనిషి కాదు. "డాక్టరమ్మ నీకు ఉత్తరం రాస్తనంటే వద్దన్నది. 'వస్తే ఎప్పుడొస్తవే అని అడుగుతడు. ఇంక కొన్నొద్దులు పండుకుంట' అన్నది."

దశరథ తన చేతులు వెల్లకిలా తిప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. కుడిచేతి వేళ్లు వాటంతట అవే మూసుకున్నాయి, నాడె తాడు పట్టుకున్నట్టు. విప్పాడు. మళ్లీ మూసుకున్నాయి. కుడికాలు మెట్టు రాతిని తొక్కుతోంది. ఆపాడు. ఎడమకాలు అందుకుంది. పాట ఎక్కడా అతని కోసం ఆగలేదు. ఇప్పుడు నాడె పడుతుంది అనుకున్న చోట పడలేదు. ఇప్పుడు తొక్కాలి అనుకున్న చోట ఊరికే నిలబడింది. కింద కాళ్లు ఉన్నాయి, వినబడుతున్నాయి. అవి పని చేస్తున్న కాళ్లు కావు. ఎక్కడికీ పోవాల్సిన పని లేక, అడుగు వేసి, వేసిన చోట నిలబడి చూస్తున్న కాళ్లు. ఇందులో బిక్షమ్మ ఉంది. అతనికి చోటు లేదు. చేతులను తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అక్కడ కూడా వేళ్లు కదులుతూనే ఉన్నాయి.

ప్లేటు అయిపోయి బరబరమన్నది. తాహేరా ముల్లు ఎత్తింది.

"మల్లొక్కసారి పెట్టాల్నా అన్నా?"

దశరథ చాలాసేపు ఆ నల్లటి ప్లేటును చూశాడు.

"వద్దమ్మా," అన్నాడు. "అది ఆమెది."

లేచాడు. యాదమ్మ అప్పుడు తువ్వాలు తీసి విప్పి, అంచు వేళ్ల మధ్య పెట్టి చూసింది. "మంచిగ నేసినవు," అంది. అది మెచ్చుకోలు కాదు.

*

బస్సు కోసం ఆగలేదు. నడిచే వచ్చాడు. ఇంటికి వచ్చేసరికి పొద్దు ఇంకా బారెడుంది. తలుపు బార్లా తెరిచి ఉంది. రాట్నం తిరుగుతోంది. నిన్న తను నేర్పిన వేగంలోనే, ఒక్క తీరుగా. గంపలో కండెలు సగానికి పైగా నిండాయి.

దశరథ మగ్గం వైపు పోలేదు. రాట్నం ముందుకు వచ్చి, సత్తమ్మకు ఎదురుగా నిలబడ్డాడు. కండెలు చుట్టే మనిషి ముఖం ఎదురుగా నిలబడి చూడటం అతనికి అదే మొదలు. కనురెప్పల మీద నూలు నూగు పేరుకుని ఉంది. పెదవుల చివర పోగు తడిపిన తడి. కళ్లు పోగు మీదే ఉన్నాయి. ఎదుట మనిషి ఉన్నట్టు ఆమెకు చాలాసేపు తెలియలేదు.

"ఆపు వదినే."

"ఏం? గిది గూడ ఉరుకవట్టెనా?"

"కాదు. సాలు ఇయ్యాల్టికి."

"ఇంక పొద్దున్నది గద."

"ఉండనియ్యి. జరసేపు చేతులు ఊకుంచు."

సత్తమ్మ చెయ్యి ఆపింది. ఆపిన చేతిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూసుకుంది. ఒళ్లో పెట్టుకుంది. చీర మీది నూగు ఏరింది. గంపలో కండెలు సర్దింది. తల ఎత్తి మరిది ముఖం చూసి, ఏమీ అర్థం కాక నవ్వింది.

"నాకేం రోగమొచ్చిందని ఊకుండాలె మరిదీ?" అంది.

చెయ్యి మళ్లీ పిడి మీదికి పోయింది.